నలభై రెండో తలుపు

ముందుగా చెప్పకుండా ఈ లోకంలో ఏదీ జరగకూడదన్నది ఆయన పట్టుదల. పట్టుదల అని మర్యాదకి అంటున్నాం గానీ, ఆయన భార్య మాటల్లో అయితే అది జబ్బు. పురపాలక కార్యాలయంలో పేలుళ్లకు అనుమతులిచ్చే అధికారి ఆయన. ఊరి హద్దుల్లో ఎవరు బండ పగలగొట్టాలన్నా, ఎవరు జిలెటిన్ కడ్డీ చేత్తో ముట్టుకోవాలన్నా ఆ కాగితం మీద ఆయన సంతకం పడాల్సిందే. నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట "ముందుగానే చెబుతున్నాను" కాబట్టి, ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ముందుగానే గారు అని పిలుచుకుంటారు. ఈ పేరు ఆయన దాకా వెళ్ళింది. కోప్పడలేదు సరికదా, "ఇలా పిలవబోతున్నట్టు ఒక్కముక్క నాతో చెప్పి ఉంటే బాగుండేది" అన్నారట.

ఆయనకు తుమ్ము రావడం చూసి తీరాలి. కుడిచెయ్యి పైకెత్తి, ముందు ఎడమవైపు కూర్చున్నవాళ్ళకి చెబుతారు. తర్వాత కుడివైపు వాళ్ళకి. తర్వాత ఎదురుగా ఉన్నవాళ్ళకి. మూడో హెచ్చరిక పూర్తయ్యేసరికి తుమ్ము ఎటో వెళ్ళిపోతుంది. అప్పుడు మళ్ళీ చెయ్యెత్తి, "రద్దయింది, మీ పని మీరు చూసుకోండి" అని ముగ్గురికీ విడివిడిగా చెబుతారు. గోడకి మేకు కొట్టాలంటే అటు పొరుగువాళ్ళకీ ఇటు పొరుగువాళ్ళకీ పై అంతస్తు వాళ్ళకీ కబురు వెళుతుంది. వాళ్ళంతా సరేనన్నాక, కుర్చీ కింద పడుకున్న పిల్లిని లేపి అవతలి గదిలో పెట్టి, అప్పుడు సుత్తి తీస్తారు.

పెళ్ళి సంగతి ఆయన భార్య చెబితేనే రుచి. "పెళ్ళికి ముందు మా ఇంటికో ఉత్తరం వచ్చింది. 'రేపు సాయంత్రం నాలుగున్నరకి వచ్చి మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను, భయపడకండి' అని ఉంది. భయపడకండి అన్నాక ఎవరికి నిద్ర పడుతుంది? మా నాన్న ఏ కేసులో ఇరుక్కున్నాడోనని ఇంటిల్లిపాదీ తెల్లారేదాకా జాగారం చేశాం. నాలుగున్నరకి ఈయన గడపలో నిలబడి గొంతు సవరించుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండి, అడక్కముందే సరే చేసుకుంటానన్నాను. ఇప్పటికీ దెప్పుతారు, నాకు చెప్పకుండా ఒప్పేసుకున్నావని."

కూతురి పుట్టినరోజుకి ఇంట్లోవాళ్ళంతా కలిసి గుట్టుగా ఏర్పాట్లు చేస్తే, ఈయన బడి గేటు దగ్గరే పిల్లని ఆపి, "అమ్మలూ, ఇంకో పావుగంటలో నువ్వు ఆశ్చర్యపోబోతున్నావు. గుండె దిటవు చేసుకో" అన్నారట. పిల్ల గుండె దిటవు చేసుకునే ఇంట్లో అడుగుపెట్టింది. ఆశ్చర్యపోయినట్టు నటించి అందరి పరువూ కాపాడింది పాపం.

ఇవన్నీ ఊరికి నవ్వులాట. బ్లాస్టరమ్మకి మాత్రం ప్రాణసంకటం.

బ్లాస్టరమ్మ అంటే ఊరు మొత్తానికి పేలుడు లైసెన్సు ఉన్న ఒకే ఒక్క మనిషి. బండలో ఎన్ని రంధ్రాలు, ఎంత లోతు, ఒక్కోదానిలో ఎంత మందు, ఏది ముందు ఏది వెనక అన్నీ ఆమె చేతి మీదుగా జరగాలి. ఆ లైసెన్సు కోసం ఎనిమిదేళ్ళు పెద్ద బ్లాస్టర్ల వెనక తీగలు మోసింది. ఆడపిల్లకి ఇదేం పని అన్నవాళ్ళ నోళ్ళు ఒక్కొక్కటే మూయించుకుంటూ వచ్చింది. చేతికి లైసెన్సు వచ్చిన మొదటి వారంలోనే ముందుగానే గారి చేతికి చిక్కింది.

"మూలింటి పెరట్లో కోడి పొదుగుతోంది. చెప్పారా?" అన్నారాయన, మొదటి పేలుడు నాడు.

"కోడికా సార్?"

"కోడికి చెబితే ఏం అర్థమవుతుందమ్మా? ఇంటామెకి. గంప మీద గోనెసంచి కప్పుకుంటుంది కదా."

బ్లాస్టరమ్మ పళ్ళు నూరుకుంటూ వెళ్ళి చెప్పొచ్చింది. ఆ వేళ పేలుడు నలభై నిమిషాలు ఆలస్యం. ఆమె దగ్గర రంధ్రాలు తొలిచే డ్రిల్లు బాబాయి అయితే పగలబడి నవ్వాడు. "ఇవాళ కోడి. రేపు కోడిగుడ్డుకి కూడా చెప్పి రమ్మంటాడు చూడమ్మాయ్!" అన్నాడు. నాలుగేళ్ళుగా ఇదే వరస. చిలక పంజరం, చంటిపిల్లాడి ఉయ్యాల, గోడకి వేలాడే పెద్ద అద్దం, అన్నింటికీ ముందుగా కబురు వెళ్ళాల్సిందే.

పేలుళ్ల నిబంధనల పుస్తకం కూడా ఆయన రాసిందే. పేలుడు చోటు నుంచి మూడు వందల మీటర్ల లోపల ఉన్న ప్రతి తలుపుకీ ముందు రోజే నోటీసు అందాలి. ముందు రోజు అందకపోతే అదే రోజు ఇవ్వచ్చు గానీ, ఆ ఇంటివాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకుని సంతకం పెట్టాలి. పేలుడికి పావుగంట ముందు ఒక సైరన్, ఐదు నిమిషాల ముందు రెండోది, మీట నొక్కే ముందు మూడోది. అన్నిటికంటే ఎక్కువగా బ్లాస్టరమ్మని భయపెట్టేది ఇంకోటుంది. మందు నింపిన బండని సూర్యాస్తమయం దాటి అలా వదిలేయకూడదు. వదిలితే రాత్రంతా పోలీసు కాపలా, మర్నాడు విచారణ, లైసెన్సు మీద మచ్చ. పోయిన చలికాలం ఒకసారి పొగమంచు కమ్మేసి ఆమెకి ఒక మచ్చ పడనే పడింది. రెండోది పడితే ఆరు నెలలు లైసెన్సు తీసి పక్కన పెడతారు.

ఆ రోజు పని ఊరి చివర ఎత్తు వీధిలో. మంచినీళ్ళ గొట్టానికి అడ్డంగా బండ తగిలింది. పొద్దున్నే నలభై ఒక్క సంతకాల జాబితా ఆయన చేతిలో పెట్టి మందు నింపడానికి అనుమతి తీసుకుని, మధ్యాహ్నం మూడున్నరకల్లా పద్దెనిమిది రంధ్రాల్లో మందు నింపేసింది బ్లాస్టరమ్మ. పాత టైర్లతో అల్లిన బరువైన చాపలు బండ మీద కప్పించింది. తీగలు రెండుసార్లు సరిచూసుకుంది. సూర్యుడు ఆరు గంటలకి గానీ దిగడు. ఇక మొదటి సైరన్ వేయడమే తరువాయి.

అప్పుడు సందు మలుపులోంచి ముందుగానే గారు వచ్చారు. నోటీసులు పంచిన ఇళ్ళన్నీ పేలుడు రోజున ఆయన మళ్ళీ స్వయంగా తిరుగుతారు. ఏ నిబంధనలోనూ అలా తిరగమని లేదు.

"ముందుగానే చెబుతున్నాను, మీకు కోపం వస్తుంది" అన్నారు.

"వచ్చేసింది సార్. ఏమిటో చెప్పండి."

"నలభై రెండో తలుపు ఉంది."

బ్లాస్టరమ్మ జాబితా లాక్కుని చూసింది. పచ్చ గేటు ఇంటి దగ్గర యజమాని సంతకం ఉంది. ఉంటే ఏం లాభం? రెండు వారాల కిందట ఆయన ఇంటి వెనక గది అద్దెకిచ్చి, పక్క సందులోకి కొత్తగా తలుపు పెట్టించాడు. ఆమె ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. పుస్తకంలో ఉన్నది తలుపులు లెక్కపెట్టమని.

"తప్పు నాదే సార్. కాగితం ఇటివ్వండి, రెండు నిమిషాల్లో సంతకం పట్టుకొస్తాను."

"నేనూ వస్తాను" అన్నారాయన.

నలభై రెండో తలుపు వెనక ఒక టైలరమ్మ. చిన్న గది, కిటికీ పక్కన కుట్టుమిషను, చుట్టూ కుప్పలుగా నీలిరంగు గుడ్డ. బడి యూనిఫారాలు. తలుపు ఎంత బాదినా ఆమె తలెత్తలేదు. ముందుగానే గారి నీడ గుడ్డ మీద పడ్డాక మిషను ఆపింది.

"వినపడదు!" అంది వీధి వీధంతా వినపడేలా. "పదేళ్ళ కిందట జ్వరమొచ్చి చెవులు పోయాయి. అరవకండి, పెదాలు నెమ్మదిగా కదపండి, చదువుకుంటాను!"

ముందుగానే గారు నెమ్మదిగా, విడమరిచి, అంతా చెప్పారు. టైలరమ్మ ముందుకి వంగి చాలా శ్రద్ధగా చూసింది.

"ఒక్కముక్క అర్థం కాలేదు అన్నయ్యగారూ! మీ మీసం అడ్డం!"

ఆయన రెండు చేతులా మీసం పైకెత్తి పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టారు. టైలరమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూ ఉంటే చదవడం కుదరలేదు. చివరికి ఆయన చెప్పడం, అది బ్లాస్టరమ్మ పెదాలతో అందించడం అన్న ఏర్పాటుకి వచ్చారు. ఎక్కడైనా చిక్కు పడితే సుద్దముక్కతో నీలిగుడ్డ మీద రాయడం. ఇదంతా అయ్యేసరికి నాలుగూ నలభై.

టైలరమ్మ నోటీసు చేతిలోకి తీసుకుని పైకి చదివింది. "సైరన్ మూడుసార్లు మోగును. విని, కిటికీలకు దూరముగా ఉండవలెను." కాగితం మడిచి వెనక్కి ఇచ్చేసింది. "ఏం విననమ్మా నేను? పాత ఇంట్లో ఉండగా ఇలాగే ఎవరో బావికోసం పేల్చారు. అందరికీ సైరన్ వినపడింది, నాకు తప్ప. నేల ఒక్కసారి ఎగిరింది, సూది ఇదిగో, ఇక్కడ దిగింది." చూపుడువేలు చూపించింది. గోరు రెండుగా చీలి అతుక్కున్న గుర్తు ఉంది. "నేను సంతకం పెట్టను."

"పోనీ ఒక గంట అలా బయటికి వెళ్ళి కూర్చుందురు గాని" అంది బ్లాస్టరమ్మ.

"రేపు పొద్దున్నే ఇరవై మూడు చొక్కాలు ఇవ్వాలి. బయట కూర్చుంటే ఎవరు కుడతారు?"

"అక్కా, ఇవాళ ఇది పేలకపోతే నా లైసెన్సు పోతుంది."

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు."

"నీ లైసెన్సు ఆరు నెలలకి తిరిగొస్తుంది తల్లీ. నా వేలు?"

బ్లాస్టరమ్మ ముందుగానే గారి వైపు తిరిగింది. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "సార్, మీకు తెలుసు. ఇక్కడికి రాయి రాదు. గోడకి వెంట్రుకంత బీట కూడా పడదు. నా లెక్క తప్పదు. మీరు పేల్చడానికి అనుమతి ఇచ్చేయండి సార్."

"మీ లెక్క తప్పదమ్మా. రాయి రాదు, గోడ కదలదు. ఈమె మాత్రం ఉలిక్కిపడుతుంది."

"ఉలిక్కిపడటం పుస్తకంలో లేదు సార్!"

"లేకపోతే సైరన్లు ఎందుకు పెట్టామంటారు?"

ఆయన గొంతు పెంచలేదు. మూలనున్న స్టూలు లాక్కుని, "కూర్చోవచ్చా" అని టైలరమ్మని సైగతో అడిగి, ఆమె ఊ అన్నాక కూర్చున్నారు. "ఆమెతో చెప్పండి. సైరన్ నేను వింటాను. మొదటిది మోగగానే అరచేతి మీద ఒకసారి తడతాను. రెండోదానికి రెండుసార్లు. మూడోదానికి మూడుసార్లు. అక్కణ్ణుంచి పది అంకెలు. మిషను మీద నుంచి చేతులు తీసేస్తే సరిపోతుంది."

బ్లాస్టరమ్మ చెప్పింది. టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈయన ఆఫీసరు కదూ? పనులన్నీ మానుకుని నా చెయ్యి తట్టడానికి ఇక్కడ కూర్చుంటారా?"

గుమ్మంలోంచి ఇంటి యజమాని నవ్వాడు. ఈ గొడవకి ఎప్పుడొచ్చాడో వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. "కూర్చుంటారని చెప్పండమ్మా. పోయిన నెల పేలుడప్పుడు మా నాన్న మంచం పక్కనే కూర్చున్నారు. గుండె ఆపరేషన్ అయిన మనిషి కదా."

"ఎప్పుడు?" అంది బ్లాస్టరమ్మ.

"పేలుడప్పుడే. మీకు తెలీదా? ఆ చివరింట్లో రాత్రి డ్యూటీ నర్సు ఉంటుంది, పగలు నిద్రపోతుంది. నిద్రలో అదిరిపడుతుందని గంట ముందే వెళ్ళి తలుపు కొట్టి లేపుతారు. ఆవిడ తిడుతుంది. తిట్టించుకుని, మొహం కడుక్కునేదాకా ఉండి వస్తారు. ఎదురింటి కోడలు కడుపుతో ఉన్నప్పుడూ అంతే. ఎక్కడ ఎవరికి అవసరమైతే అక్కడ."

పేలుడు వేళకి బ్లాస్టరమ్మ మూడు వందల మీటర్ల అవతల మీట దగ్గర ఉంటుంది. ఆయన ఎక్కడో హద్దు మీద గొడుగేసుకుని గడియారం చూసుకుంటూ ఉంటారనుకుంది నాలుగేళ్ళూ. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ ఆయన్ని మనసులో తిట్టుకుంది. డ్రిల్లు బాబాయితో కలిసి ఆ కోడి కథ ఎంతమందికి చెప్పి నవ్వించిందో కూడా గుర్తొచ్చింది. సిగ్గుతో ఆమె ముఖం చిన్నబోయింది.

టైలరమ్మ కాగితం తీసుకుని సంతకం పెట్టింది. "కానీ నా ఎదురుగా ఖాళీగా కూర్చుంటే నాకు చిరాకు. ఆ డబ్బాలో గుండీలు కలిసిపోయాయి, రంగులవారీగా ఏరమను."

"ముందుగానే చెబుతున్నాను, నాకు నీలానికీ నలుపుకీ తేడా సరిగ్గా తెలీదు" అంటూనే ఆయన డబ్బా ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత పేల్చే అనుమతి కాగితం మీద సంతకం చేసి బ్లాస్టరమ్మ చేతికిచ్చారు. "మూడో సైరన్ ఆగాక సరిగ్గా పది లెక్కపెట్టండి. తొమ్మిదొద్దు. ఆమె చెయ్యి నా చేతిలో ఉంటుంది."

బ్లాస్టరమ్మ పరుగు తీసింది. మొదటి సైరన్ వేసేసరికి ఐదూ ఇరవై రెండు. పొద్దు ఎర్రబడుతోంది. డ్రిల్లు బాబాయి ఎర్రజెండా పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. రెండో సైరన్. ఈపాటికి రెండుసార్లు తట్టి ఉంటారనుకుంది. మూడో సైరన్ ఆగింది. మామూలుగా ఏడో ఎనిమిదో అయ్యేసరికి నొక్కేసే మనిషి, ఆ రోజు ఒక్కో అంకే పైకి పలుకుతూ పది దాకా వెళ్ళింది. నొక్కింది.

బండ లోపల్నుంచి బరువుగా ఒక మూలుగు వచ్చింది. టైరు చాపలు మూరెడు పైకి లేచి కూర్చున్నాయి. దుమ్ము తేలిపోయాక ఆమె వెళ్ళి పద్దెనిమిది రంధ్రాలూ చూసుకుంది. పేలకుండా ఒక్కటీ మిగల్లేదు. బండ రొట్టె తుంచినట్టు విడిపోయింది. అంతా క్షేమమని ఆఖరి సైరన్ వేయించేసరికి ఇంకా వెలుగుంది. లైసెన్సు దక్కింది.

"బతికిపోయాం అమ్మాయ్!" అన్నాడు డ్రిల్లు బాబాయి. ఆమె అప్పటికే సందులోకి తిరిగింది.

నలభై రెండో తలుపు తీసే ఉంది. గది నిండా గుండీలు. మిషను కింద, గుడ్డల మీద, గుమ్మం దాకా దొర్లి ఉన్నాయి. టైలరమ్మ నిబ్బరంగా కూర్చుని ఉంది. ముందుగానే గారు కళ్ళు గట్టిగా మూసుకుని, ఆమె చేతిని తన రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నారు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆమె రెండో చేత్తో ఆయన భుజం నిమురుతోంది.

"అయిపోయింది అన్నయ్యగారూ. అయిపోయింది, కళ్ళు తెరవండి" అంటోంది. బ్లాస్టరమ్మని చూసి గొంతు తగ్గించాననుకుని మామూలుగానే అరిచింది. "మూడుసార్లూ బాగానే తట్టారు తల్లీ! పదో అంకె దగ్గర చూడాలి ఈయన్ని! నాకు నేల కాస్త కదిలినట్టయింది, అంతే. ఈయన డబ్బాతో సహా ఎగిరారు. నా వేళ్ళు పిండేశారు!"

ముందుగానే గారు కళ్ళు తెరిచారు. చెయ్యి వదిలి, మీసం సర్దుకున్నారు.

"సార్, మీకు భయమా?"

"చిన్నప్పటి నుంచీ అమ్మా."

"ఇరవై ఆరేళ్ళ సర్వీసు కదా సార్! ప్రతిసారీ ఇలాగేనా?"

"ప్రతిసారీ. చప్పుడైతే నా ప్రాణం నోట్లోకి వస్తుంది. ముందుగా తెలిస్తే మాత్రం సగానికి సగం తగ్గుతుంది. నాకు తగ్గుతోంది కదా, మిగతావాళ్ళకీ తగ్గుతుందని..." మాట పూర్తిచేయకుండా గుండీలు ఏరడానికి వంగారు.

"అంత భయమున్నవాళ్ళు ఈ ఉద్యోగంలోకి ఎందుకొచ్చారు సార్?"

ఆయన తలెత్తి, ఇంత తేలిక ప్రశ్న అడిగిందేమిటన్నట్టు చూశారు. "పేలుడు ఎప్పుడో అందరికంటే ముందు తెలిసే ఉద్యోగం ఊళ్ళో ఇదొక్కటే కదమ్మా!"

బ్లాస్టరమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఏమిటేమిటని టైలరమ్మ ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. విషయం తెలిశాక టైలరమ్మ నవ్వలేదు. ఆయన వంక చూసి, "మళ్ళీ పేలుడు ఎప్పుడు?" అని అడిగింది.

"వచ్చే గురువారం, పది గంటలకి" అంది బ్లాస్టరమ్మ.

"అయితే ఆ వేళకి నేను మిషను ముట్టను. ఈయన్ని మా ఇంటికే పంపండి" అంది.

బుధవారం నాడు బ్లాస్టరమ్మ కొత్త జాబితా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. తలుపులు నలభై రెండు, సంతకాలు నలభై రెండు. చివర్లో, పేలుడు వేళ పక్కన తోడు అవసరమైనవారు ఎవరని అడిగే గడి ఒకటి ఆమె కొత్తగా గీసింది. నలభై రెండో తలుపుకి ఎదురుగా ఆ గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఒకరు. అనుమతుల అధికారిగారు. తోడు: టైలరమ్మ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని ఆ గడి రెండుసార్లు చదివారు. కలం మూత తీసి, కింద సంతకం పెట్టారు.